తామర పువ్వు మీద ఇంజను

తాండూరు వెళ్లొచ్చానంటే మా కాకినాడలో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. మొదటిది, “అక్కడ చూడ్డానికేముంది?” రెండోది, “కందిపప్పు తెచ్చావా?” తెచ్చాను. పప్పు అయిపోయింది కూడా. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను వెళ్లింది దేవుడి దర్శనానికి కాదు, చుట్టాల పెళ్లికీ కాదు. ఒక గ్యాసు కరెంటు ప్లాంటు చూడటానికి వెళ్లాను. అది ఇంకా కట్టని ప్లాంటు. మా సముద్రపు ఒడ్డున ఒక ప్రైవేటు గ్యాసు ప్లాంటులో నా ఉద్యోగమంతా గడిచింది. గ్యాసు వస్తుందన్నారు, కొన్నాళ్లు వచ్చింది, తర్వాత రాలేదు. మిగిలిన కాలమంతా ఆగిపోయిన యంత్రం తుప్పు పట్టకుండా నూనె పెడుతూ, మెల్లగా తిప్పుతూ కూర్చున్నాం. కరెంటు తయారుచేద్దామని చేరినవాళ్లం, చివరికి దానికి గుళ్లో పూజార్లలాగా నిత్యసేవలు చేసి రిటైరయ్యాం.

అలాంటి నాకు ఒకరోజు తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో బస్వరాజ్ అట. నాపరాళ్లకు నునుపు పెట్టే పాలిష్ యూనిట్ యజమాని. మా పాత ప్లాంటులో పనిచేసిన ఎవరో నా నంబరు ఇచ్చారు.

“మేడమ్, మా యూనిట్లోళ్లమంత కలిసి గ్యాసుతోని నడిచే కరెంటు ప్లాంటు పెట్టుకుంటున్నం. మా సొంతం. నువ్వొచ్చి జర చూసి అవునో కాదో చెప్పు. అవునంటే బ్యాంకుల సంతకం పెడుత.”

ఆ సంతకంతో ఆయన యూనిటూ, వాళ్లమ్మ ఉంటున్న ఇల్లూ తాకట్టులోకి వెళతాయట. ఆ మాట కూడా వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మా ఆయన పేపరు దించకుండానే, “వద్దని చెప్పేదానికి అంత దూరం ఎందుకు? ఫోన్లో చెప్పేయ్” అన్నారు. అలా అన్నారు కాబట్టే బట్టలు సర్దుకున్నాను.

వికారాబాదు: రేపటి పళ్లు

హైదరాబాదు నుంచి వికారాబాదు రైల్లో నా పక్కన సీతాఫలాల బుట్టతో ఒకావిడ కూర్చుంది. కూర్చున్న మరుక్షణం, “ఏడికి పోతున్నవ్?” అంది. మా వైపు ముక్కూమొహం తెలియని మనిషిని అలా నువ్వు అనడానికి కాస్త టైము పడుతుంది. వీళ్లకు ఆ ఆలస్యం లేదు. మొదట ఉలిక్కిపడ్డాను, రెండు స్టేషన్లు దాటేసరికి హాయిగా అనిపించింది.

వెళ్తున్న పని చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

“గ్యాసుతోని కరెంటా? మా ఇంటికి సిలిండర్ వచ్చుడే కష్టముంటది అక్క.”

యాభై రూపాయలకు ఎనిమిది కాయలు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి, “ఇవి ఇయ్యాల తిను. ఇవి రేపు. ఇవి ఎల్లుండి” అని మూడు వాటాలుగా పెట్టింది. పళ్లను రోజుల వారీగా అమ్మేవాళ్లను నేను మొదటిసారి చూశాను. మా సంతలో ఎలాంటి కాయ దొరికితే అలాంటి కాయ, పండటం దాని ఖర్మ. ఇంత ముచ్చటపడి ఆ ఇయ్యాల్టి పళ్లను సంచీలో అడుగున పెట్టాను. వికారాబాదులో దిగేసరికి నా అద్దాల డబ్బా, బట్టలు, దువ్వెన అన్నీ సీతాఫలం తిన్నాయి.

స్టేషన్ బయట గ్యాసు కంపెనీ మనిషి కారుతో నిలబడి ఉన్నాడు. తాండూరు వాళ్లకు గ్యాసు అమ్ముతానన్నది ఈయనే. చక్కని కుర్రాడు, చెరగని నవ్వు. పని మాట్లాడదామంటే, “ముందు అనంతగిరి చూడాలె మేడమ్” అని కొండెక్కించాడు. వికారాబాదు వచ్చినవాళ్లకు కొండ చూపించకపోతే తప్పట. చెట్ల మధ్య చల్లగాలి కొడుతోంది. హైదరాబాదులో ముక్కు మూసుకుని దాటే మూసీ ఇక్కడే పుడుతుందని చెప్పాడు. పాపం, పుట్టినప్పుడు బాగానే ఉంది.

బజ్జీలు తెప్పించాడు. అసలు సంగతిలోకి దిగాను.

“గ్యాసు నిజంగా వస్తుందా?”

“పక్కా మేడమ్. ఫికర్ చెయ్యకుండ్రి. పైపులైను పని నడుస్తున్నది.”

“ఎక్కడ నడుస్తోంది?”

చేతిలో బజ్జీతో లోయ వైపు చూపించాడు. అటు అడవి తప్ప ఏమీ లేదు.

“పైపు వచ్చేదాంక ఎట్ల అంటరా, గ్యాసును నీళ్లలెక్క చేసి ట్యాంకర్లల తెస్తం.”

“రోజూ తెస్తారా?”

“దొరికినప్పుడల్లా తెస్తం.”

 మా ప్లాంటులో ఏళ్ల తరబడి విన్నది ఆ ఒక్క మాటే. పెద్ద పెద్ద వాళ్లు సూట్లు వేసుకొచ్చి ఇంగ్లీషులో అనేవాళ్లు, ఈయన బజ్జీ నములుతూ తెలుగులో అన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ కుదరలేదు. మనిషి మంచివాడు. నా సంచీ తుడుచుకోవడానికి నీళ్ల సీసా ఇచ్చాడు, టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు.

తాండూరు: తడిపి చూడటం

ఆ రాత్రికి తాండూరు చేరి, మర్నాడు ఊరు చూశాను. ఇక్కడ రాయి కానిది వెతకాలి. గోడ రాయి, గట్టు రాయి, కాలువ మీద మూత రాయి, చేను చుట్టూ కంచెకు పాతినవి నిలువు రాళ్లు. నేను టీ తాగిన బల్ల కూడా బండే. మా వైపు అరటాకులు ఎంత లోకువో ఇక్కడ నాపరాళ్లు అంత లోకువ. ఊరి మీద తెల్లటి పొడి సన్నగా పరుచుకుని ఉంటుంది. ఊరు దాటితే కంది చేలు, పచ్చగా పూత మీద ఉన్నాయి.

బస్వరాజ్ నలభై దాటిన భారీ మనిషి. పొద్దున వేసుకున్న తెల్ల చొక్కా మధ్యాహ్నానికి బూడిద రంగుకు వస్తుంది, ఆయన పట్టించుకోడు. యూనిట్ చూపిస్తూ నన్ను బండల దొంతర మీద కూర్చోబెట్టాడు. మర్యాదకు కూర్చున్నాను. పాలిష్ నీళ్లు, రాతి పొడి కలిసిన బురద ఆ బండల మీద ఉందని లేచాక తెలిసింది. నీలం చీర వెనకంతా తెల్లటి అచ్చు. “గది ఆరితే దులిపితె పోతది” అన్నాడు. ఇప్పటికీ పోలేదు.

మిషను తిరుగుతోంది. దాని కింద బండ మెల్లగా మెరుపు ఎక్కుతోంది. ఇంతలో కరెంటు ఒక్కసారి రెప్పవేసి తెరిచింది, అంతే. మిషను ఆగి, మళ్లీ తిరిగింది. బస్వరాజ్ బండ మీద అరచెయ్యి వేసి నన్ను కూడా వేయమన్నాడు. నునుపు మధ్యలో వంకీలా చిన్న మచ్చ తగిలింది.

“చూసినవా? ఒక్క ఝట్కా, బండ ఖరాబ్. ఇసొంటియి వారమంత అయితయి. మాకు ప్లాంటు షోకు గాదు మేడమ్. గతి లేక పెట్టుకుంటున్నం.”

వాళ్ల కష్టం నిజమే. అంతవరకూ వద్దని చెప్పేయడానికి సిద్ధంగా ఉన్న నాకు కాళ్ల కింద నేల కాస్త కదిలింది.

అంతలో గని నుంచి బండల లారీ వచ్చింది. బస్వరాజ్ ఒక చెంబెడు నీళ్లు తెచ్చి పై బండ మీద పోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

“ఆరనీయవయ్యా!” అని అరిచాడు బస్వరాజ్.

ఎండకు బండ అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. మొత్తం ఆరిపోయింది, మధ్యలో మాత్రం వెంట్రుకంత గీత ఒకటి తడిగా మిగిలింది.

“అగో,” అన్నాడు. లోపల పగులుంటే నీళ్లు అక్కడ దాక్కుంటాయట, అన్నిటికన్నా చివర ఆరుతాయట. ఆ బండను పక్కన పెట్టించాడు.

“గని మా బామ్మర్దిదే. అయినా తడిపి చూడంది ఒక్క బండ గూడ లోపలికి రానియ్య.”

“ఆయన ఏమనుకోరా?”

“ఏమనుకుంటడు? నా బండను వాడు గూడ తడుపుతడు.”

నీలమ్మగారి వంట

మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లో. బ్యాంకుకు వెళ్లబోయే ఇల్లు అదే. రాతి గోడలు, రాతి కప్పు, లోపల ఫ్యాను లేకపోయినా చల్లగా ఉంది. బస్వరాజ్ వాళ్లమ్మ నీలమ్మగారు పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చరుస్తూనే గోడ అవతలి పక్కింటావిడతో కన్నడంలో కబుర్లు చెబుతున్నారు. “ఊట ఆయ్తా?” అని అటు భోజనం అయిందో లేదో అడుగుతూ, “ఇంకో రొట్టె ఏస్కో బిడ్డా” అని ఇటు.

నా వయసుకు నన్ను బిడ్డా అన్నవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. మా వైపు బిడ్డంటే చంటిపిల్ల. తర్వాత తెలిసింది, ఇక్కడ ఆ మాటకు కూతురని అర్థమట. సరే, ఇంకా నయం.

తాండూరు కందిపప్పు గురించి ఒక మాట చెప్పాలి. మా విందుల్లో పప్పు ముందు వచ్చి పక్కకు తప్పుకుంటుంది, తర్వాత వచ్చేవాటికి దారిస్తుంది. నీలమ్మగారింట్లో పప్పు పక్కకు తప్పుకోలేదు. పప్పు, దాని మీద వెల్లుల్లి తాలింపు, పక్కన వేరుశెనగ కారప్పొడి, పెరుగు, అంతే. రొట్టె తుంచి పప్పులో ముంచితే ఇంకేమీ గుర్తురాలేదు. చాలమ్మా అంటే ఇంకొకటి కావాలని ఇక్కడ కూడా అర్థం. ఆ ఒక్క విషయంలో రెండు ప్రాంతాలకూ తేడా లేదు.

కొడుకు చెయ్యి కడుక్కోవడానికి లేవగానే ఆవిడ గొంతు తగ్గించారు.

“బిడ్డా, నాకు గ్యాసు గీసు తెల్వది. వాడు సంతకం పెడితే ఈ ఇల్లు ఉంటదా, పోతదా?”

తల తిప్పుకోవడానికి లేకుండా అడిగారు.

“చూసి చెబుతానమ్మా. చూడకుండా మాత్రం చెప్పను.”

“గంతే చాలు,” అని నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేశారు. ఆ ప్రశ్న తర్వాత ముద్ద దిగదనుకున్నాను. దిగింది, పప్పు అలాంటిది.

కొడంగల్ రోడ్డు మీద షెడ్డు

ప్లాంటు పెట్టబోయే చోటుకు సాయంత్రం బయలుదేరాం. నీలమ్మగారు కూడా కారెక్కారు. “అమ్మ లేకుంటె ఆడ సంగతి నీకు తెల్వది,” అన్నాడు బస్వరాజ్. ఎందుకో దిగాక అర్థమైంది.

ఇంకా ఇంజను ఏదో తేల్చుకోలేదన్నాడు, కాబట్టి ఖాళీ పొలం చూస్తానని అనుకున్నాను. తీరా చూస్తే పెద్ద షెడ్డు. దాని ముందు అద్దంలా మెరిసే శిలాఫలకం. దాని మీద యజమానులందరి పేర్లూ అందంగా చెక్కి ఉన్నాయి. ప్రారంభించిన తేదీ కోసం అడుగున కాస్త ఖాళీ వదిలారు. లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను. చెప్పులు విప్పాలనిపించింది, విప్పాను.

ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచిన నేల! ఒక్కో యజమాని తన దగ్గరున్న మేలు రాయి ఇచ్చాడట. బూడిద నీలం, లేత పసుపు, మధ్యలో ఒకరి దగ్గరే దొరికే ఆకుపచ్చ పట్టీ. నట్టనడుమ మంచమంత తామర పువ్వు, రేకు రేకుగా కోసి అతికినది. నీలమ్మగారు ముగ్గు వేసినట్టు సుద్దతో గీసి ఇస్తే ఆ గీతల మీదే కోశారట. ఆవిడ చీర కొంగుతో ఒక రేకు తుడిచి, నేను ఏమంటానా అని నా మొహం చూశారు. బాగుందనడానికి నాకు మాట చాలలేదు.

“ఇంజను ఎక్కడ పెడతారు?” అడిగాను.

“ఈడనే,” అన్నాడు బస్వరాజ్ గర్వంగా. “తామర పువ్వు మీద.”

నవ్వు ఆపుకోవడానికి నేను పడిన పాట్లు దేవుడికి తెలుసు. తర్వాత నవ్వు దానంతటదే పోయింది. ఇంజనుకు సొంత దిమ్మె కావాలని చెప్పాను. గట్టి నేల తగిలేదాకా తవ్వి కాంక్రీటు పొయ్యాలి, చుట్టూ నేలకు తగలకుండా సందు వదలాలి. లేకపోతే దాని అదురుకు ఈ బండలన్నీ ఒక్క నెలలో పగిలిపోతాయి. అంటే పువ్వు తీసెయ్యాలి.

“మరి నేల ముందుగాల ఎందుకేసినం?” అని తనను తానే అడుక్కున్నట్టు అన్నాడు. తనే జవాబు కూడా చెప్పాడు. “సిమెంటు కొనాలె, ఇనుము కొనాలె, ఇంజను కొనాలె. బండలైతె ఇంట్లనే ఉన్నయి. ఉన్న పని ముందు చేసినం.”

రాయి ఉన్న ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ ఈ పొరపాటు చెయ్యలేరు. మా ఊళ్లో అయితే ప్లాంటుకు ముందు క్యాంటీన్ కట్టి ఉండేవాళ్లం.

“తియ్యిరా,” అన్నారు నీలమ్మగారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. “పువ్వుదేమున్నది, మల్ల గీస్త. గ్యాసు సంగతి అడుగు.”

గ్యాసు సంగతి చెప్పాను. పైపు ఎక్కడుందో, ట్యాంకరు ఎప్పుడొస్తుందో, బజ్జీతో ఎటు చూపించాడో మొత్తం చెప్పాను. బస్వరాజ్ మొహం ఎర్రబడింది.

“పక్కా అన్నడు గద! నాకు పది సార్లన్నడు.”

“బస్వరాజ్ గారూ, మీ బామ్మర్ది బండనే తడిపి, ఆరేదాకా ఆగారు. ఈయన మాట మీద నీళ్లెందుకు పోయలేదు?”

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇప్పుడే అడగండి. రోజూ ఇంత గ్యాసు ఇస్తాను, ఇవ్వలేకపోతే మీ నష్టం నేను కడతాను అని రాసిస్తాడా? రాసిస్తే నేను అవునంటాను. ఇంజను ఎంపిక దగ్గర్నుంచి మీ వెంటే ఉంటాను.”

ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి నేల మీద ఉంచాడు. అవతల అదే నవ్వు గొంతు, “చెప్పన్నా” అంది. బస్వరాజ్ అడిగాడు.  మేం ముగ్గురం ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాం.

“రాసుడెందుకన్న,” అన్నాడు చివరికి. “మనకు మాటున్నది గద. దొరికినప్పుడల్లా ఫస్టు నీకే తెస్త.”

“అగో,” అన్నాడు బస్వరాజ్ మెల్లగా.

ఫోన్ పెట్టేసి, ఆ నునుపు నేల మీద చతికిలబడ్డాడు. ఆ నేలంతా ఆయన ఆశే. “నువ్వు రాకుంటె మంచిగుండేది,” అన్నాడు నా మొహం చూడకుండా. నాకు బాధేసింది, కోపం రాలేదు. అంత డబ్బు పోసి కట్టాక ఆ మాట వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ప్లాంటు కట్టేటప్పుడు ఎవరైనా ఒక్కరు వచ్చి అలా తడిపి చూపించి ఉంటే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. అదే ఆయనతో అన్నాను. అప్పుడు తలెత్తాడు.

“బ్యాంకోళ్లకు రేపు రానని చెప్త,” అన్నాడు. “అక్క, గ్యాసు అసల్కే రాదంటవా?”

మేడమ్ అక్కగా మారింది అక్కడే.

“రాదనను. రాసిచ్చేవాడు దొరికేదాకా ఆగమంటాను. ఆ మనిషిని నేను కూడా వెతుకుతాను.”

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి తామర పువ్వు లేదు. బస్వరాజ్ తనే ఉలి పట్టి, ఒక్క రేకు కూడా విరక్కుండా తీసి గోడకు వరసగా ఆనించాడు. మెరిసే నేల నడుమ మంచమంత మట్టి చదరం మిగిలింది. “ఇంజను జాగ,” అన్నాడు. దాని చుట్టూ మాత్రం అంచు రాళ్లు చక్కగా సరిచేశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది!

నీలమ్మగారు పాత చీర ముక్కలో చుట్టిన బరువైనది ఒకటి నా చేతుల్లో పెట్టారు. పువ్వు నడిమి బొడ్డు, పళ్లెమంత పసుపు రాయి.

“ఇది నీ కాడ ఉండనీ బిడ్డా. రాసిచ్చేటోన్ని తోల్కొచ్చినప్పుడు తెచ్చియ్యి. గప్పటిదాంక వీడు ఒక్కడే దునికి సంతకం పెట్టొద్దు.”

కొడుకు వినేట్టే అన్నారు. ఆయన తలూపాడు.

పరిగి మీదుగా ఇంటికి

తిరుగు ప్రయాణం కొడంగల్, పరిగి మీదుగా బస్సులో. ఒక సంచీలో రాయి, ఒక సంచీలో కందిపప్పు. కండక్టరమ్మ రాయి సంచీ కదిపి చూసి, “ఏమున్నదిండ్ల?” అంది. రాయి అన్నాను. “తాండూరుకెల్లి అందరు గదే తెస్తరు. కాళ్ల కాడ పెట్టుకో,” అని టికెట్టు కొట్టి వెళ్లిపోయింది. పరిగి బస్టాండులో బస్సు ఆగితే రాయిని వదిలి దిగడానికి మనసొప్పలేదు. ఒక చంకలో రాయి పెట్టుకుని ఇంకో చేత్తో టీ తాగాను. పక్కన మిరపకాయల మూటలతో నిలబడ్డ రైతు నన్ను చాలాసేపు చూసి, ఏమీ అడగకుండా తన మూట మీద కాస్త చోటిచ్చాడు. ఎల్లుండి సీతాఫలం ఒకటి మిగిలితే ఆయనకిచ్చాను. రైలావిడ చెప్పినట్టే సరిగ్గా ఆరోజుకే పండింది.

ఇంటికొచ్చాక మా ఆయన, “వద్దని చెప్పేశావు కదా?” అన్నారు.

“ఆగమని చెప్పాను.”

“మరి ఈ రాయేంటి?”

చెబితే అర్థం కావడానికి ఒక పూట పట్టింది. అప్పట్నుంచి గ్యాసు కంపెనీలకు ఫోన్లు చేస్తున్నాను. అందరూ పక్కా అంటారు. రాసిస్తారా అంటే పై ఆఫీసులో కనుక్కుంటామంటారు. ఒకాయన మాత్రం ఈసారి ఫోన్ పెట్టెయ్యకుండా, ఎంత కావాలో వివరంగా అడిగాడు. చూద్దాం.

మొన్న మాకు వాన పడింది. రాయిని వరండా మెట్టు మీద పెట్టి తడవనిచ్చాను. వాన వెలిశాక పక్కనే కూర్చుని, ఆరేదాకా చూశాను. అంచులు ఆరాయి, నడుమ ఆరింది, ఎక్కడా తడి గీత మిగల్లేదు. వెంటనే నీలమ్మగారికి ఫోన్ చేశాను.

“మీ రాయి మంచిగుందమ్మా. తడిపి చూశాను.”

ఆవిడ నవ్వారు. అవతల రొట్టె చరుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

“ఇల్లు గూడ మంచిగనే ఉన్నది బిడ్డా,” అన్నారు.